ఎడమ ముందు చక్రం

ఈదయ్య జీపు దిగలే.
స్టీరింగు మీద చేతులట్లనే పెట్టి అన్నడు:
"ఇంజన్ల బలం పోయిందే మియా,
డీజిలు మాత్రం కల్లు తాగినట్టు తాగుతుంది."

ఇంజను సంగతి నేనడగలే.
ముక్కుకు ముందే తెలిసింది.
అచ్చంపేట బస్టాండు ఎనక, పదకొండు గంటల ఎండల
మాడిన బ్రేకు లైనర్ల వాసన
ఇంకే వాసనతోటీ కలవది.

మగ్గుల నీళ్లు ముంచి
నాలుగు డ్రమ్ముల మీద చిలకరించిన.
ఎనకటి రెండూ తడిసి ఊకున్నయ్.
కుడి ముందుది ఉస్సన్నది.
ఎడమ ముందుది
చుక్కను ఒంటి మీద వాలనియ్యలే.

"మన్ననూరు నుంచి ఈడిదాంక
ఒక కాలు బ్రేకు మీదనే పెట్టి వచ్చినవ్ పెద్దాయనా."
"నేను పెట్టలే," అన్నడు నొచ్చుకొని.
"నువ్వు పెట్టలే. అది ఇడువలే."

జాకీ ఏసి లేపిన.
చక్రం పట్టి తిప్పితే
నాగలి కాడ అలిగిన ఎద్దు లెక్క నిలబడ్డది.
పెడలు ఆట చూసిన, చిటికెనవేలంత, సరిగ్గనే ఉంది.
హ్యాండు బ్రేకంటవా, అది ఎనకటి చక్రాల పంచాయితీ.
మాస్టరు కాడ నట్టు అర చుట్టు ఇప్పిన.
నూనె ఉబికింది, చక్రం కదల్లే.
మళ్ళ బిగించి, చక్రం కాడ నిప్పిల్ ఇప్పిన.
సర్రుమని నల్లగ చిమ్మింది,
చక్రం నా చేతుల్ల గిర్రున తిరిగింది.

ఇగ మధ్యల మిగిలింది జానెడు రబ్బరు పైపు.
పైకి పగులు లేదు, నిగనిగలాడుతుంది.
కోసి మా పోరడు యాకూబ్‌కు చూపెట్టిన:
లోపల గొంతు వాచింది, సూది దూరే సందు.
కాలు తొక్కిన బలానికి నూనె పోతది,
తిరిగి రానికె దానికి బలమేడిది?

డ్రమ్ము ఊడగొడితే
కప్పులు నానబెట్టిన బొబ్బర్ల లెక్క ఉబ్బి ఉన్నయ్.
ఆ నల్లటి చుక్కను వేళ్ల నడుమ రాసి వాసన చూసిన.
"ఏం పోసినవ్ దీంట్ల?"
జర సేపు ఏం అనలే.
"ఇంజనాయిలు."

నా నాలిక మీద తిట్టు తయారైంది,
ముప్పై ఏండ్ల కింద మా ఉస్తాదు నన్ను తిట్టిందే.
ఆముదం పోసినా ఆ రబ్బరు బతుకుతుండె,
పాలమూరుల ఆముదానికి కరువొచ్చిందా అని.

అప్పుడు చెప్పిండు, నా మొఖం చూడకుంట:
"ఎనక చక్రం కారుతుందని నువ్వే అన్నవ్,
పైసల్లేక ఆపిన.
ఆ రాత్రి అప్పాపూరు నుంచి వస్తున్న.
ఎనక మా చెల్లె కోడలు, నొప్పులు.
ఫర్హాబాదు దిగుడు ముంగట పెడలు నేలకు పోయింది.
టార్చి ఏసి చూస్తే డబ్బ ఎండింది.
సీటు కింద ఒక్కటే క్యాను.
నిన్ననే పిల్లకు ఇరవై ఒకటి చేసిన్రు."

తిట్టును మింగిన. చేదుగనే ఉండె.
తప్పు నూనె.
ఆ రాత్రి పట్టింది,
ఇరవై ఒక్క రోజులైనా ఇడువలే.

ఎనక కారేదీ కలిపి, రబ్బరు ముక్క ఒక్కటి మిగల్చకుంట మార్చిన.
పైపులన్నీ స్పిరిటుతోటి కడిగిన,
సిలిండర్లకు సన్న ఎమెరీ కాయితం.
రెండు రోజులు.
బిల్లు పైస తగ్గియ్యలే.
సగమిప్పుడు, సగం నెలాఖరుకన్నడు, సరే అన్న.

ఉమామహేశ్వరం రోడ్డు ఏటవాలుల
గేరు తీసి, బ్రేకు ఇడిచిన.
కండ్లకు కనబడనంత వాలు.
జీపు ఒక్క క్షణం ఆలోచించింది,
ఎవ్వరూ తోయకముందే కదిలింది.

పది మైళ్లు తిరిగొచ్చి నీళ్లు చిలకరించిన.
ఎడమ ముందు డ్రమ్ము మీద చుక్క
కూసుంది, తీరిగ్గ జారింది.

"ఇంజన్ల బలమొచ్చిందా?" అన్నడు ఈదయ్య.
వచ్చింది అన్న.