పద్నాలుగో చొక్కా

గెలిచిన రాత్రి చొక్కాలు గాల్లో ఎగిరొచ్చి పడతాయి,
నేను ఏరుకోవాలి.
ఓడిన రాత్రి ఎవడిది వాడు మడిచి
బుట్టలో పెట్టి పోతాడు,
దెబ్బలు తిన్న బడిపిల్లాడిలాగ.
స్కోరు బోర్డు నాకెందుకు? బుట్ట చాలు.

వాల్తేరు కెరటాలకి మూడేళ్లుగా
బట్టలుతుకుతున్నాను.
"పేరులోనే ఉందే నరసా జబ్బు,"
టీకొట్టు గవిరెడ్డి అంటాడు,
"కెరటవంటే లెగడవేనేటి? పడిపోద్ది కూడాను."

ఈ ఏడు మొదటి ఆటే
పోయినేడు కప్పు కొట్టినోళ్ల మీద
పదకొండు పాయింట్లతో గెలిచాం.
జగదాంబ దగ్గర మతాబులు కాల్చారు.
నాలుగో రోజుకి
అట్టడుగు జట్టొకటి వచ్చి
మనోళ్లని రెండుసార్లు ఆలౌట్ చేసి,
కైలాసగిరి మీద ఫొటోలు దిగి
రైలెక్కి పోయింది.

గరికిన ఎర్రన్న కూతకెళ్తే
పెదజాలరిపేట పేటంతా ఊపిరి బిగబట్టేది.
ఒకనాడు ఒకే కూతలో నలుగుర్ని తాకి
పొట్ట మీద పాక్కుంటూ గీత అందుకున్నాడు.
మర్నాడు నడిమధ్యన దగ్గొచ్చింది.
దగ్గు!
కూత తెగింది, ఆటా తెగింది.

కెప్టెన్ దల్బీర్‌ది రోహ్‌తక్.
మోకాలికి కట్టు.
అతనికొచ్చిన తెలుగు ఒక్కటే మాట,
పొద్దున్నే దండెం దగ్గరికొచ్చి
"ఆరిందా?"
విశాఖలో గుడ్డ ఆరదు బాబూ,
ఆరినట్టుంటుంది.
తొడుక్కున్నాక చంకల్లో తెలుస్తుంది.
పక్కనే ఉన్న ఇస్మాయిల్ కోచ్ అది విని
నవ్వలేదు,
ఈల తీసి మెళ్లో వేసుకుని
లోపలికెళ్లిపోయాడు.

పద్నాలుగో నంబరు కిల్లో బలరాం.
హుకుంపేట దాటి, బస్సు దిగి,
ఇంకా నడవాలట వాళ్లూరికి.
సీజనంతా బెంచీయే.
అతని చొక్కా ఎలా పంపానో అలాగే వచ్చేది,
ఇస్త్రీ గీత చెదరకుండా.
అయినా ఉతికేదాన్ని.
ఉతక్కుండా ఇస్తే కుర్రోడికి తెలిసిపోదూ,
చెమ్మ వాసన లేదని.

ఆఖరి ఆట.
గెలిస్తే ఆరో స్థానం. ఓడితే ఇళ్లకి.
సమం అయితే ఏటన్నది ఎవరికీ తెలీదు,
మేనేజరు కాలిక్యులేటరు నొక్కుతూనే ఉన్నాడు.
ఆఖరి నిమిషం, ఒక్క పాయింటు వెనక.
ఎర్రన్న మడమ పట్టుకుని కూలబడ్డాడు.
కోచ్ బెంచీ వైపు చూస్తే
బెంచీ తన బూట్లకేసి చూసుకుంది.
ఒక్కడే లేచాడు.
ట్రాక్ జాకెట్టు జిప్పు ఇరుక్కుపోయి
తలమీంచి లాగి పారేశాడు.

మొదటిసారి తలుపు దాకా వెళ్లి చూశాను,
చేతుల నిండా సబ్బు నురగ.
అతని కూత నాకు వినపడలేదు,
అంత మెల్లగా.
ఎదుటోళ్లకి వినపడింది.
బొటనవేలు ఎవడి మోచేతికో తగిలింది,
ముగ్గురు మీద పడ్డారు,
భుజం దగ్గర చొక్కా పర్రుమంది,
ఆ గుట్టలోంచి ఒక చెయ్యి
గీత అవతల బల్లిలా అతుక్కుంది.
ముప్పై ఒకటి, ముప్పై ఒకటి.

కాలిక్యులేటరు చాలాసేపటికి చెప్పింది:
ఏడో స్థానం.

సమం అయిన రాత్రి
చొక్కాలు ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు.
కొందరు విసిరారు, కొందరు మడిచారు,
దల్బీర్ తొడుక్కునే నిద్రపోయాడు.
"ఉతకక్కర్లేదు," అన్నాడు మేనేజరు,
"వచ్చే ఏడు స్పాన్సరు మారతాడు, రంగూ మారుద్ది.
తుడుపుగుడ్డలకి ఇచ్చెయ్."

బలరాం మాత్రం వచ్చాడు, చేత్తో పట్టుకుని.
"అక్కా, ఇది ఉతుకు."
కాసేపు నిలబడి,
"ఈసారి అవసరవే."

అంటే ఇన్నాళ్లూ తెలుసన్నమాట.

మిషన్లో వెయ్యలేదు. బండ మీద ఉతికాను,
మ్యాటు నీలం, భుజం దగ్గర రక్తం,
రెండు నీళ్లు మార్చి.
చిరుగుకి నాలుగు కుట్లు వేసి
రాత్రంతా ఫ్యాను కింద పరిచాను.

తెల్లారి ఐదున్నరకి పాడేరు బస్సు.
ఆరలేదు.
అలాగే తొడుక్కుని ఎక్కాడు.