ఎవరి కిందా లేని చుక్క

దనాంగ్ అవతల, పాలరాతి కొండల పాదాన
థావ్ మామ సమాధిరాళ్ళు చెక్కుతాడు.
అక్షరానికి నలభై వేల డాంగ్‌లు.
ఈమధ్యే మేనకోడలు ఖ్వే కొట్టుకో వెబ్ పేజీ కట్టింది:
పేరు కొడితే చాలు, ఖరీదు అదే చెబుతుంది.

వాన తెరిపిచ్చిన పొద్దున లుయోమ్ తాత వచ్చాడు,
ఒంటినిండా వల వాసన, చేతిలో పగిలిన ఫోను.
భార్య పేరు న్గుయెట్. వాళ్ళ మాటలో చందమామ.
వేళ్ళు మడిచాడు: ఆరు.
పేజీ అంది: ఎనిమిది.
"పోయాక కూడా పెరుగుతోందా మా ఆవిడ?"
అన్నాడు. నవ్వలేదు.

ఖ్వే స్ట్రింగ్‌ని గదులు గదులుగా విప్పింది.
యంత్రానికి ఒకటితో పని మొదలవదు,
తొలి అక్షరాన్ని సున్నా గదిలో కూర్చోబెడుతుంది.
సున్నాలో ఎన్. తర్వాత జీ, యూ, వై.
నాలుగులో ఈ, బోడి తలతో.
ఐదో గది తలుపు తడితే
చుక్కలతో గీసిన ఖాళీ వలయం,
దాని కింద ఒక చుక్క.
ఎవరి కిందా లేని చుక్క.
ఆరో గదిలో ఉత్త టోపీ, తల లేదు.
చివర టీ, ఏమీ ఎరగనట్టు.

అదే పేరు తన ల్యాప్‌టాప్‌లో కొడితే ఆరే!
రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది,
కంటికి వెంట్రుకంత తేడా లేదు.
రెండూ ఒకటేనా అని అడిగితే
కాదు, అంది యంత్రం.

మామ ఉలి కింద పెట్టి తెర మీదికి వంగాడు.
"నేనూ ముక్కలుగానే చెక్కుతాను కదమ్మా.
ముందు ఒళ్ళు, తర్వాత టోపీ, చుక్క ఆఖర్న.
కానీ ముప్పై ఏళ్ళలో
టోపీకి ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోలేదు."

లెక్క వేసేముందు
విడిపోయినవాటిని కలిపే వరస ఒకటి రాసింది ఖ్వే.
చిన్నదే. టీ చల్లారేలోపు అయిపోయింది.
పేజీ ఆరు అంది.
తాత మళ్ళీ ఓసారి వేళ్ళు మడుచుకున్నాడు.

సాయంత్రానికి రాయి తయారు, ఒక్క దెబ్బ తప్ప.
ఆ చుక్క పడకపోతే
వాళ్ళ భాషలో అది మాటే కాదు.
మామ ఉలీ సుత్తీ తాత చేతిలో పెట్టాడు.

చెయ్యి వణికింది.
చుక్క రవ్వంత ఎడమకి పడింది.
సరిచేద్దామని మామ వంగబోతే
"ఉండనీ," అన్నాడు తాత,
"పడవలో తను ఎప్పుడూ ఆ పక్కనే కూర్చునేది."