నవ్వించే గాలి

పగలు నేను పిల్లల ముక్కుల మీద
చిన్న రబ్బరు తొడుగు పెడతాను.
స్ట్రాబెర్రీ వాసన వేస్తుంది.
పీల్చు, ఇంకోసారి, అంటాను.
బిగిసిన గుప్పిళ్ళు విడిపోతాయి.
మొన్న ఐలా అనే ఆరేళ్ళ పిల్ల
డాక్టరు పుప్పిపన్ను తోడుతుంటే
సీలింగు మీద దుప్పి నడుస్తోందని
కిలకిల నవ్వింది.

సాయంత్రం అదే గాలి
మా తమ్ముడు తైస్తో షెడ్డులో
నీలం సీసాలో పడుకుని ఉంటుంది,
డాట్సన్ వెనక సీటు పీకేసిన చోట.
అదే అంటే అచ్చంగా అదే కాదు.
ఇందులో గంధకపు కంపు కలిపి అమ్ముతారు
మనుషులు సరదాకి పీల్చకుండా.
ఇంజనుకు వాసనతో పనేముంది!

లీటరు పాలడబ్బాకి రెండు చెంచాలు తక్కువ,
అంతే ఆ ఇంజను.
ముందు దాని హెడ్డును మిల్లీమీటరు చెక్కించాడు.
కొయ్‌విస్తో అనే ముసలాయన
కామ్‌షాఫ్టుకు సాన పట్టాడు
కొలతలు రొట్టె కాగితం మీద రాసుకుని.
మోటార్‌సైకిల్ కార్బురేటర్లు రెండు బిగిస్తే
చప్పుడు రెట్టింపయింది,
వేగం మాత్రం చిల్లర లెక్క.
అప్పుడు తెచ్చాడు సీసాని,
చలికాలం టైర్లకని దాచిన డబ్బుతో.

"ఇది తాను కాలదు," అన్నాడు.
ఆ రోజంతా కలిపి మావాడు ఆడిన మూడు మాటల్లో
అది రెండోది.
వేడికి విరిగి
కడుపులో దాచుకున్న ప్రాణవాయువు కక్కుతుందని
మిగతాది నేను చదువుకున్నాను.
ఊపిరి అరువు తెచ్చినంత
తిండీ పెట్టాలి దానికి, పెట్రోలు.
పెట్టకపోతే?
జేబులన్నీ తడుముకున్నట్టు ఆలోచించి
మూడో మాట చెప్పాడు:
"పిస్టన్ని తింటుంది."

సెప్టెంబరు చివర, పాత విమానాల రన్‌వే.
మంచు ఇంకా పడలేదు గాని
బిర్చి ఆకులన్నీ తారు మీదే ఉన్నాయి.
చలికి సీసా ముడుచుకుంది, ముల్లు లేవదు.
ముందు రాత్రంతా దాన్ని సౌనాలో
కింది బల్ల మీద కూర్చోబెట్టాం.
పై బల్ల వద్దన్నాను. పై బల్ల మనుషులకి.

నేను యాభై రెండు కిలోలు,
అందుకని స్టీరింగు నాది.
గేరు కర్రకి కట్టిన కాలింగ్ బెల్ మీట నాది.
పక్క గీతలో యౌని అనే కుర్రాడి వోల్వో,
టర్బో ఈల వేస్తూ.
పసుపు. పసుపు. పచ్చ.

మూడో గేరులో నొక్కాను.
ఎవరో వచ్చి తలుపు తీసినట్టే అయింది,
ఇల్లంతా ముందుకి ఉరికింది,
నేను కుర్చీలోకి ఇంకిపోయాను.
నా ముక్కుకి ఏ తొడుగూ లేదు.
అయినా నవ్వు, ఆపుకోలేనంత,
హెల్మెట్ అద్దం మసకబారేంత నవ్వు.
వోల్వో మూతి కిటికీలోంచి వెనక్కి జారింది.

తర్వాత ఒక చిన్న టప్.
పెట్రోలు గొట్టంలో తుప్పు పలుకు,
కందిగింజంత కూడా లేదు.
తెల్లపొగ. నిశ్శబ్దం.
చక్రాలు దొర్లుకుంటూ గీత దాటేసరికి
యౌని అప్పటికే హెల్మెట్ తీసి
కాఫీ కోసం చూస్తున్నాడు.

షెడ్డులో తైస్తో పిస్టన్ని బయటికి తీసి
గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.
నడినెత్తిన బొటనవేలంత కన్నం,
అంచులు మైనంలా కారి గడ్డకట్టాయి.
కన్నంలోంచి వాణ్ణి చూశాను.
అవతల వాడు
కొత్త పిస్టన్ల ధర చూస్తున్నాడు.

ఇప్పుడది క్లినిక్ కిటికీలో ఉంటుంది.
పిల్లలు పెన్సిళ్ళు దూర్చి ఆడతారు.
ఐలా మళ్ళీ వచ్చింది, ఇంకో పన్ను.
"దీనికీ పుప్పేనా?"
అవును.
"బ్రష్ చేసుకోలేదా?"
తీపి ఎక్కువైంది.
తలూపింది, తెలిసిన విషయమే అన్నట్టు.

తొడుగు పెట్టాను. పీల్చు, అన్నాను.
ప్రాణవాయువు పాలు ఎంతుందో
ఒకసారి చూశాను.
మళ్ళీ చూశాను.