వాసాలు లెక్కపెట్టిన పూట

థండర్ బేలో ఏప్రిల్ అంటే
ఇంకా సగం మంచే.
గరాజ్ ఉత్తరపు చూరుకి నిచ్చెన వేస్తుంటే
"సూప్ తాగి ఎక్కు" అంది కెర్తు.

ఆమె కూతురికీ నాకూ విడాకులై మూడేళ్ళు.
నన్నేమని పిలవాలో ఆమెకు తెలీదు.
గిన్నె మాత్రం పాతదే ఇచ్చింది,
అంచు పెచ్చులూడిన నీలం గిన్నె.

తిన్నాను. ఎక్కాను.
వాసాలు లెక్కపెట్టాను.
పదకొండు.
నాలుగింటి కొసల్లో స్క్రూడ్రైవర్
తడిరొట్టెలోకి దిగినట్టు దిగింది.

"తప్పెవరిది?" కిందనుంచి అడిగింది.
గట్టర్‌ది అన్నాను.
చలికి గడ్డకట్టుకుపోయి
కిందికి పోవలసిన నీటిని వెనక్కి తోసింది,
అది రేకుల కిందనుంచి లోపలికి పాకింది.
బయట పెయింట్ బాగానే ఉంది కదా,
ఎవరు చూస్తారు?

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
నిచ్చెన మాత్రం వదల్లేదు.

పుచ్చిన మేరకు కోసేశాను.
మిగిలిన పాతదాన్ని పీకలేం,
పైకప్పంతా దానిమీదే ఉంది.
పక్కనే కొత్త దూలపు ముక్క ఆనించి
బోల్టులు బిగించాను.
చూరుని ఈసారి
జానెడు ముందుకు లాగాను,
గోడ తడవకుండా.

చీకటి పడేవేళకి "ఎంత?" అంది.
సూప్ తాగానుగా అన్నాను.
ఒప్పుకోలేదు. పరాయివాడికిచ్చినట్టు
రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.

ట్రక్కు స్టార్ట్ చేశాక
అద్దం దగ్గరకొచ్చి అంది:
వాన పడిన రోజు ఫోన్ చేస్తాను,
చూరునీళ్ళు ఎక్కడ పడుతున్నాయో
చెప్పాలిగా.