మూత తీసినప్పుడు

దిండి దాటి చించినాడ వంతెన
సగం ఎక్కేదాకా బాగానే ఉంటుంది.
సరిగ్గా ఏడో లైటు స్తంభం దగ్గర
ముద్ద అడ్డుపడ్డ మనిషిలా
రెండు దగ్గులు, ఒక వణుకు. అంతే.
వెనకాల నలభై క్రేట్ల రొయ్య, రొయ్య మీద ఐసు,
కింద వశిష్ఠ.

పది నిమిషాలాగితే మళ్ళీ స్టార్టవుతుంది.
నాకు మండేదీ అదే.
పోతే పోయిందని ఏడ్చి ఊరుకుంటాం,
ఇది అలకపాన్పు అల్లుడిలా
లేచి కూచుని విస్తరెయ్యమంటుంది.

"కంపెనీ వాడికి తెలీదా, ఎంత ట్యాంకు పెట్టాలో?"
మా మంగతాయారు మాట.
చెన్నై దాకా చాలదని నేనే
పాలకొల్లు వెల్డింగు సూరిపండు చేత
చాసిస్ కింద ఇంకో ట్యాంకు వేలాడదీయించాను.
పెద్ద పంపు, లావు పైపులు,
మోజు తీరక వెనక్కి రెండు పట్టీలు ఎక్కువ.

ముందు బంకువాణ్ణి తిట్టాను.
సీసాలో డీజిలు పట్టి ఎండకెత్తి చూస్తే
అడుగున చెంచాడు నీళ్ళు.
దొరికాడనుకున్నాను.
ఫిల్టరు మార్చాను. ఏడో స్తంభం.
రాగి వాషర్లు మార్చాను, చేతిపంపు కొట్టి కొట్టి
బోల్టు సందులోంచి తెల్ల నురగ పోయేదాకా
గాలి తీశాను. బొటనవేలు బొబ్బలెక్కింది.
ఏడో స్తంభం.
నాజిళ్ళు రాజమండ్రి పంపమన్నారొకరు, పదకొండు వేలు.
నిమ్మకాయ కట్టమన్నారింకొకరు, అయిదు రూపాయలు.
కట్టాను.

శివకోడు రోడ్డులో టార్పాలిను కింద
గెడ్డం ఏసుపాదం బండిని ముట్టుకోలేదు.
నన్నే అడిగాడు.
"ఆగిపోయాక నువ్వేం చేత్తావు?"
"బీడీ కాలుత్తానండి."
"తరవాత?"
"డీజిలెంతుందోనని మూత తీసి చూత్తాను."
"మూత తియ్యకుండా ఎప్పుడైనా స్టార్టు చేశావా?"

ఎంత తవ్వుకున్నా
ఒక్కసారీ గుర్తు రాలేదు.

మర్నాడు తెల్లారగట్ల నాతో వచ్చాడు.
పంపుకి ముందు మూరెడు తెల్ల గొట్టం బిగించాడు,
లోపల నడిచేది కనబడేలా.
ఏడో స్తంభం. దగ్గు, దగ్గు, వణుకు.
బానెట్టెత్తితే గొట్టంలో
బుడగ లేదు, గాలి లేదు,
పళ్ళూడిన ముసలమ్మ చుట్ట పీలుస్తున్నట్టు
బుగ్గలు మాత్రం లోపలికి అతుక్కుపోయాయి.

"ఇప్పుడు తియ్యి మూత."

ఉస్స్‌స్‌స్...
ఎన్నాళ్ళ నించి బిగబట్టిందో,
ఏరు మీది గాలంతా కావాలన్నట్టు లాక్కుంది.
గొట్టం బుగ్గలు నిండాయి.
గోమూత్రం రంగు డీజిలు నిదానంగా
నడుచుకుంటూ వచ్చింది.

ట్యాంకు వెనక పెన్సిలంత వంపు గొట్టం,
లోపలికి గాలి పోయే దారి.
ఇనపతీగతో పొడిస్తే పొడిపొడిగా మట్టి రాలింది,
మన చెరువుగట్టు మట్టే.
కుమ్మరిపురుగు గూడు.
గూట్లో మూడు పచ్చ పురుగులు,
చావకుండా, కదలకుండా,
పుట్టబోయే పిల్లకి దాచిన కూడు.
బండికి నేనో ట్యాంకు కట్టించుకుంటే
నా ట్యాంకుకి అదో గది కట్టుకుంది.
బయటికి పోయేదాన్నే వెతికాను నేను నెల్లాళ్ళూ.
లోపలికి రావలసింది ఒకటుందని
నాకెవరు చెప్పారు?

దోమతెర ముక్క చుట్టి తీగతో కట్టాడు.
"ఎంతిమ్మంటారండి?"
"బీడీ ఉంటే ఇయ్యి.
మూత తీసింది నువ్వేగా."

ఐసు కరిగి వెనక డాలా మీంచి కారుతోంది.
తాళం తిప్పాను.
ఎనిమిదో స్తంభం. తొమ్మిది. వంతెన నడుమ.
అవతల యలమంచిలి కొబ్బరితోటల మీద ఎండ.
నేనింకా ఊపిరి బిగబట్టే ఉన్నాను.
ఏసుపాదం నా వంక ఓసారి చూసి
ఏమనలేదు,
తన పక్క అద్దం దించాడు.