నాలుగు బోల్టులు

రాత్రి పదకొండింటికి ఫోను.
"మెషిను ఆగిపోయిందోయ్, పొద్దున్నే లారీ వస్తాది, రా."
ఎందుకు ఆగిందో చెప్పలేదు.
చెప్పలేదంటేనే నాకు తెలుస్తుంది,
పాతికేళ్ళుగా ఇదే పని.

ముక్కామల కాలవ గట్టు. ఆషాఢం ముసురు.
బండి లైటు ముందు పురుగులు.
తడిసిన కొబ్బరి డొక్కల గుట్ట
పులిసిన కంపు కొడుతోంది.

షెడ్డు అప్పటికే కడిగేశారు.
నేల ఒప్పుకుంది. పీచు ఒప్పుకోలేదు.
డ్రమ్ము పళ్ళకి చుట్టుకుని
బెల్లం రంగుండాల్సింది
అక్కడక్కడ నల్లబడి ఉంది.

"నూకరత్నమండి. కుడి చెయ్యి. మూడేళ్ళు."
వాచ్‌మన్ ఏసుపాదం గొడుగు మడుస్తూ చెప్పాడు.
మూడేళ్ళంటే
ఆవిడ మిల్లులో చేరి మూడేళ్ళనుకున్నాను ఒక్క క్షణం.
అదీ నిజమేనట.

"వేళ్ళు పట్టుకెళ్ళారా ఆసుపత్రికి?"
"పట్టుకెళ్ళడానికేం మిగల్లేదండి."
బీడీ వెలిగించబోయి మానేశాడు.
"ఒకటి దొరికింది తర్వాత. చూపుడువేలు.
కొసకి గోరింటాకు టోపీ.
పారెయ్యబుద్ధి కాలేదు,
గట్టు మీద కొబ్బరి మొక్క మొదట్లో పెట్టేశాను."

వేలుకైనా వేరుకైనా
ఒకటి దాటితే ఒకటే మాట మనకి, వేళ్ళు.
ఆ మొక్కకి ఇప్పుడెన్నో.

మెషిను విప్పాను.
బేరింగు బాగుంది. బెల్టు బాగుంది.
మోటారు మీద చెయ్యేస్తే ఇంకా వెచ్చగా ఉంది.
లేనిదొక్కటే, ముందుండే రేకు తొడుగు.
దాన్ని విప్పింది నేనే,
పోయిన వేసంగిలో.
"పీచు అడ్డంపడి గంటకి నాలుగుసార్లు ఆపాల్సొస్తోంది,
తీసిపారెయ్" అన్నాడు ఆసామి.
పదిహేడో నంబరు పానా, నాలుగు బోల్టులు, ఐదు నిమిషాలు.
రెండొందలిచ్చాడు. టీ కూడా తాగాను.

రేకు గోడవార బోర్లించి ఉంది.
దాని కింద పిల్లల్ని పొదువుకుని కోడి.

నాకూ ఎడం చేతి ఉంగరం వేలు సగమే.
మండపేట రైసుమిల్లులో, పదహారో ఏట.
కట్టు కట్టిన సాయంత్రం మా మేస్త్రి
సోడా తాగించి
"ఇయ్యాళ్టినుంచి నువ్వు పనోడివిరా" అన్నాడు.
మాలో అది పట్టా.
పదీ ఉన్నవాడికి ఎవరూ ఇంజను అప్పజెప్పరు.
నూకరత్నానికి సోడా ఎవరిస్తారు?

నాలుగింటికి కోడిని లేపాను. తిట్టింది.
బోల్టులు నా సామాను పెట్టెలో,
హార్లిక్స్ సీసాలో అలాగే ఉన్నాయి.
తొడుగు బిగించి
తలల మీద వెల్డింగు పోసేశాను.

తెల్లారి ఆసామి వచ్చి చాలాసేపు చూశాడు.
"ఐదు వేళ్ళూ ఒక్కలాగుండవు కదయ్యా,
జాగ్రత్తగా ఉండేవాళ్ళుంటారు, లేనోళ్ళుంటారు."
రేపు వేరేవాణ్ణి పిలుస్తాడు.
కోత బ్లేడున్నవాడు దొరక్కపోడు.
నాలాటోడే.

ఆదివారం బత్తాయిలు పట్టుకుని అమలాపురం వెళ్ళాను.
తెల్లటి కట్టుకి అటో వేలు, ఇటో వేలు.
నన్ను చూడలేదు, లెక్కలో ఉంది.
ఎడం చేత్తో కణుపులు ముట్టుకుంటోంది.
బొటనవేలికి రెండు: సోమారం, మంగళారం.
చిటికెన వేలికి మూడు: బుధారం, లక్ష్మారం, సుక్కురారం.
"ఐదు రోజుల కూలి రావాలండి నాకు.
సరిగ్గా సరిపోయాయి, చూడండి."

తర్వాత అడిగింది,
"మెషిను బాగయ్యిందాండి?"
అయ్యిందన్నాను.
"పాపం, దానిదేం తప్పు లేదండి."

లేదన్నాను.
బత్తాయి ఒలిచి, తొనలు విడదీసి,
ఒక్కోటీ ఆవిడ ఎడం చేతిలో పెడుతూ
పదకొండు దాకా లెక్కపెట్టాను.