పోతే వెంట్రుక

"వస్తే కొండ, పోతే వెంట్రుక" అన్నవాడికి
నిండా జుట్టుండి ఉంటుంది.

నాకు ముప్పై నాలుగు.
అరండల్‌పేట క్లినిక్‌లో మంగళ, శుక్రవారాలు
ఎర్ర దీపాల టోపీ కింద ఇరవై నిమిషాలు.
పక్క కుర్చీలో కానిస్టేబుల్, ఒళ్లో తన టోపీ.
అటుపక్క ముహూర్తం పెట్టేసుకున్న కుర్రాడు.
ఒకరి నెత్తి ఒకరం చూడం,
చూడటంలేదని ఎదుటివాడికి తెలిసేలా
ఫోన్లలోకి వంగుతాం.
వంగితే మరీ కనబడుతుంది.

డాక్టరమ్మ కెమెరా ఆనించి తెర మీద చూపించింది:
నా నడినెత్తి,
మధ్యలో మొక్కలు పోయిన మిరప మడి.
"కుదుళ్లు చావలేదు, సన్నబడ్డాయి" అంది.
ప్రత్తిపాడు రైతు ఒకాయన, తన వంతు రాకముందే
గుమ్మంలోంచి తొంగిచూసి,
"బొబ్బర తెగులు లాంటిదాండీ?"
ఆవిడ నవ్వలేదు.
"దాదాపు. కాకపోతే ఇది విత్తనంలోనే ఉంటుంది."

మందు పూటకో మిల్లీలీటరు.
మొదట్లో ఇంకా రాలుతుంది, భయపడొద్దన్నారు.
భయపడ్డాను.
స్తంభాలగరువు గదిలో, తెల్లారి దిండు గలీబు మీద ఏరి
కాగితంలో రాసుకున్నాను:
నలభై ఒకటి. యాభై. ముప్పై ఎనిమిది.
నా ఉద్యోగమూ అదే, యార్డులో బస్తాల లెక్క.

ఐదో నెలకి నుదుటి అంచున నూగు.
వేలికి తెలుస్తుంది, అద్దానికి తెలియదు.
మానేస్తే? అన్నాను.
మానేస్తే మళ్లీ మొదటికేనట.
వడ్డీ కట్టినన్నాళ్లే పొలం మనది.

సీజన్లో రాత్రి పదకొండైనా యార్డు వదలదు.
కాటా పక్క బల్ల చాటున
బుడ్డీ తీసి చుక్కలు వేసుకుంటుంటే
నాగుల్‌మీరా చూశాడు.
ఇరవై ఏళ్ల హమాలీ. మెడ దూలం.
నెత్తి, రేవులో అరిగిన రాయి.

"ఎంతది?"
చెప్పాను.
పెదాలు కదిపి లెక్కేసుకున్నాడు.
"అరవై బస్తాలు."

నవ్వుతాడనుకున్నాను.
రేపు పొద్దున్నే యార్డంతా
నా నెత్తి గురించే మాట్లాడుకుంటుందనుకున్నాను.
తలగుడ్డ విప్పాడు.
టిక్కీల మధ్య మోకాళ్ల మీద కూచుని
బోడిగుండు నా ముందుకి వంచాడు.

"నాకూ ఓ చుక్క వెయ్యి."
ఎక్కడ?
"ఇదిగో, బస్తా ఆనేచోట."

బల్బు కిందకి లాక్కున్నాను.
అక్కడ చర్మం మడమలా ఉంది.
కుదురు చచ్చిందో, పడుకుందో
చూడ్డానికి నా దగ్గర కెమెరా లేదు.
చుక్క కాదు, మిల్లీలీటరు నిండా వేశాను.
వేలితో మెల్లగా రాశాను,
ఆ చోట బరువు తప్ప
ఇంకోటి తగిలి ఎన్నాళ్లైందో.

కాసేపు కళ్లు మూసుకున్నాడు.
"మండుతోంది. పట్టినట్టేనా?"

నా వేళ్ల వంక చూసుకున్నాను.
గోళ్ల సందుల్లో ఎర్రగా.

"అది కారం, మీరా."